నైట్ డ్యూటీ నేనే అడిగి తీసుకున్నా, ఇప్పుడు ఎటూ తేలడం లేదు

ప్రశ్న: కృష్ణఒడ్డు

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. డయాలసిస్ యూనిట్ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

నేను జీఎన్ఎం చేసిన స్టాఫ్ నర్సుని. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఇది తొమ్మిదో ఏడు. ఇల్లు మంగళగిరి. మా ఆయన ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తారు. బాబు మూడో తరగతి, పాపకి రెండేళ్ళు నిండాయి. అత్తయ్య, మావయ్య మాతోనే ఉంటారు. మావయ్యకి ఏడాదిన్నరగా డయాలసిస్. సోమ, బుధ, శుక్ర, పొద్దున 9 గంటల స్లాటు. మిషన్ మీద 4 గంటలే గానీ ముందు బరువు చూసి ఎక్కించేదీ, చివర్లో సూది తీశాక రక్తం ఆగేదాకా నొక్కి పట్టుకునేదీ కలిపితే బయటపడేసరికి రెండు, రెండున్నర.

మా దగ్గర పగలు డ్యూటీ 8 గంటలు, వారానికి ఆరు. ఒక వారం పొద్దున 8 నుంచి 4, ఇంకో వారం 12 నుంచి రాత్రి 8. నైట్ అయితే రాత్రి 8 నుంచి పొద్దున 8, వారానికి నాలుగే. ఎటు లెక్కేసినా 48 గంటలు. మావయ్యకి డయాలసిస్ మొదలయ్యాక మూడు నెలలు ఎలాగో పగలు డ్యూటీలతో నెట్టుకొచ్చా. ఎవరినో ఒకర్ని బతిమాలడం, అడ్జస్ట్‌మెంట్ రాసుకోవడం, వాళ్ళ ఆదివారాలు నేను చేయడం. ఇక వల్ల కాక పర్మనెంట్ నైట్ ఇవ్వమని నేనే లెటర్ పెట్టా. సోమ, బుధ, శుక్ర ఖాళీ కావాలి అన్నా. ఇన్‌ఛార్జ్ మేడమ్ పాపం మారుమాట లేకుండా ఆది, మంగళ, గురు, శని వేసేశారు. ఆరుసార్లు వారధి దాటే బదులు నాలుగుసార్లు దాటితే చాలు, పైగా నైట్ అలవెన్సు, పిల్లలు పడుకునే టైములో పోయి వాళ్ళు బడికి పోయాక వచ్చేస్తా అనుకుని సంబరపడ్డా కూడా.

ఇప్పుడు సంగతి ఏంటంటే, పగలు ఇంట్లో కనపడే మనిషి ఖాళీ మనిషి అయిపోయింది. గ్యాస్ బండ వచ్చినా నేనే, స్కూల్లో మీటింగైనా నేనే, సచివాలయంలో వేలిముద్ర పడలేదంటే తిరిగేదీ నేనే. ఆడపడుచు పురుటికి వస్తే "వదిన పగలంతా ఇంట్లోనే ఉంటుందిగా" అని మా ఇంట్లోనే దిగింది. ఎవరి మీదా కోపం లేదండీ, నిజంగా వాళ్ళకి అలాగే కనిపిస్తుంది. పన్నెండింటికి కళ్ళు మూతలు పడుతుంటే ఎదురింటావిడ తలుపు కొట్టి "ఇంకా పడుకునే ఉన్నావా?" అంటుంది. ఆవిడ పదింటికి పడుకుని ఆరింటికి లేస్తుంది, ఆవిడని ఎవరూ అలా అడగరు.

పోయిన వారం నా నిద్ర మొత్తం రాసుకున్నా. సోమవారం పగలు 3 గంటలు. బుధవారం 2 గంటల 40 నిమిషాలు. శుక్రవారం 3 లోపే. ఆదివారం పగలు ఒక 4. ఇంట్లో పడుకున్న రాత్రులు మూడు, ఒక్కోటీ 6. మొత్తం 31 గంటలు కూడా లేవు. మా ఐసీయూలో పేషెంటుకైనా ఇంతకంటే ఎక్కువ నిద్ర పడుతుంది.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇంకోటుంది. పది రోజుల కింద, తెల్లవారుజామున, ఇన్సులిన్ లోడ్ చేస్తున్నా. 20 యూనిట్లు. వయల్ 100 స్ట్రెంత్, అంటే మిల్లీలీటరుకి 100 యూనిట్లు, నా చేతిలో సిరంజి ఎర్ర మూతది. నర్సులకి తెలుసు, ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. ఆ సిరంజిలో 20 గీత దాకా తీస్తే పేషెంటులోకి వెళ్ళేది 50. పక్క బెడ్ అమ్మాయి డబుల్ చెక్‌కి వచ్చి "అక్కా, మూత చూడు" అంది. ఇవ్వలేదు, ఏమీ జరగలేదు. కానీ తొమ్మిదేళ్ళలో నేనెప్పుడూ ఆ మూత రంగు చూడకుండా సిరంజి విప్పలేదు. ఆ అమ్మాయికి డ్యూటీలో చేరి నాలుగు నెలలు.

వచ్చే నెల నుంచి మా దగ్గర రోస్టర్ మారుతోంది. పగలు కూడా 12 గంటలు చేస్తున్నారట. పర్మనెంట్ నైట్‌లోనే ఉంటావా, పగలూ రాత్రీ కలిపి తిరుగుతావా, రాసివ్వమన్నారు. ఇంకో దారి కూడా ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కళ్ళ క్లినిక్‌లో 9 నుంచి 6 దాకా, ఆదివారం సెలవు. జీతం 7,000 తక్కువ. కానీ అక్కడికెళ్తే సోమ, బుధ, శుక్ర మావయ్యతో ఎవరు? మా ఆయన "48 గంటలే కదా ఎక్కడైనా, నీకు ఏది సుఖమో అది చెయ్యి" అంటారు. మంచి మనిషే. కానీ ఆ మాటతో నాకేమీ తేలడం లేదు. ఇలాంటిది పడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు: పెద్దసిస్టర్_కాకినాడ

అమ్మాయ్, 26 ఏళ్ళ సర్వీసు నాది, అందులో 11 ఏళ్ళుగా రోస్టర్ వేస్తున్నా. నీ పోస్టు రెండుసార్లు చదివాను. నీకు కావలసింది అడగడంలోనే తేడా పడింది తల్లీ.

రోస్టర్ కాగితం మీద రోజుకి ఒకటే గడి ఉంటుంది. నైట్ డ్యూటీని అది మొదలయ్యే రోజు గడిలో వేస్తాం. నువ్వు సోమ, బుధ, శుక్ర ఖాళీ కావాలన్నావు, ఆవిడ ఆ మూడు గడులూ ఖాళీ ఉంచింది. కానీ ఆదివారం గడిలో ఉన్న నైట్ సోమవారం పొద్దున 8కి గానీ అవదు! హ్యాండోవర్ అయ్యేసరికి పావు తక్కువ తొమ్మిది. అంటే ప్రతి డయాలసిస్‌కీ నువ్వు రాత్రంతా నిలబడి వెళ్తున్నావు. ఒక్కటీ తప్పలేదు, మూడుకి మూడూ. నేనైనా అలాగే వేసి ఉందును, నువ్వు లెటర్‌లో రాసింది అదేగా.

నైట్లు సోమ, బుధ, శుక్ర, శని గడుల్లో వేయించుకో. అప్పుడు డయాలసిస్ పొద్దున్నకి ముందు రాత్రి మూడుసార్లూ ఇంట్లో పడుకుంటావు. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు ఒక కునుకు తీసి డ్యూటీకి వెళ్తావు. మరునాడు డయాలసిస్ ఉండదు, పొద్దున పదింటి నుంచి మూడు దాకా పడుకోవచ్చు. గంటలు అవే నాలుగు పన్నెండ్లు. శుక్ర, శని వరసగా రెండు రాత్రులు పడతాయి, అదొక్కటే కష్టం.

మీ మేడమ్ దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకు. ఇప్పుడు సోమ, బుధ, శుక్ర రాత్రులు చేస్తున్న అమ్మాయి ఎవరో చూసుకుని, ఆమె చేత మార్చుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టించి పట్టుకెళ్ళు. రోస్టర్ వేసేవాళ్ళకి నచ్చని మాట "నాకు ఇబ్బందిగా ఉంది మేడమ్". అందరికీ ఇబ్బందే, నాకు 34 మంది ఇబ్బందులున్నాయి. "నేనూ ఈ అమ్మాయీ మార్చుకుంటాం, మీకు ఎక్కడా ఖాళీ పడదు" అంటే పెన్ను తీసి అక్కడే దిద్దేస్తాం.

ఇంకొకటి. రాసిచ్చేటప్పుడు "పర్మనెంట్" అనే మాట వాడకు. రెండు నెలలకి అని రాయి. పర్మనెంట్ అంటే నీ పేరు నైట్ జాబితాలో పడిపోయి, రేపు మావగారి స్లాటు మారినా నిన్ను బయటికి తీయడం ఎవరికీ గుర్తుండదు.

ఆ సిరంజి సంగతి దాచకు. ఇన్సిడెంట్ ఫారం రాశావా? జరగకపోయినా రాయాలి.

జవాబు: ఊరికే_చూసేవాణ్ణి

ఇంత కష్టపడే బదులు కొన్నాళ్ళు ఉద్యోగం మానేస్తే సరిపోతుంది కదండీ. మావగారు, పిల్లలు ముఖ్యం. డబ్బు ఎప్పుడైనా సంపాదించుకోవచ్చు.

కృష్ణఒడ్డు

@ఊరికే_చూసేవాణ్ణి అన్నా, మా ఇంట్లో నెల నెలా తప్పకుండా వచ్చే జీతం నాదొక్కటే. మా ఆయనది బండిని బట్టి. లారీ బాడీ ఆర్డరుంటే ఉంది, లేకపోతే లేదు. పోయిన ఆషాఢంలో రెండు వారాలు ఖాళీ.

@పెద్దసిస్టర్_కాకినాడ మేడమ్, మీరు చెప్పింది చదివి కాసేపు అలా ఉండిపోయా. ఏడాది పైగా ఆ కాగితం ప్రతి శనివారం చూస్తున్నా, ఈ గడి సంగతి నాకు తట్టలేదు. నిజమే, అందులో నాకు మూడు సెలవులున్నట్టే కనిపిస్తుంది. ఫారం రాయలేదు. ఇవాళ రాస్తా.

జవాబు: గచ్చిబౌలి_బాబాయ్

సిస్టర్, నాది మీ లైను కాదు, ఐటీ. కానీ "48 గంటలే కదా ఎక్కడైనా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో ఆ మాట నాది, విసుగు మా ఆవిడది.

నాకు న్యూయార్క్ వాళ్ళతో రోజూ ఒక కాల్. వాళ్ళకి పొద్దున 9. ఎండాకాలం మనకది సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారాలు వెనక్కి తిప్పుకుంటారు, మన గడియారం కదలదు, కాల్ 7:30కి జరుగుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. నా పని గంటలు ఒక్క నిమిషం పెరగలేదు. కానీ 6:30 కాల్ అయితే ఏడున్నరకి మా బాబుకి అన్నం పెట్టి నేనే పడుకోబెట్టేవాణ్ణి. 7:30 అయితే గది తలుపు వేసుకుంటా, వాడు బయట తలుపు కొడుతూ కొడుతూ నిద్రపోతాడు. మూడు చలికాలాలు అలా గడిచాయి.

నాలుగో ఏడు, అరగంట ముందుకి జరపమని అడుగుదామనుకున్నా. ఏం కారణం చెప్పానో తెలుసా? నడుం నొప్పికి ఫిజియోథెరపీ అని. బాబుని పడుకోబెట్టాలని నోరు రాలేదు. అక్కడి మేనేజరుకి అబద్ధం, ఇక్కడి లీడుకి ఇంకో అబద్ధం. కాల్ జరిపారు లెండి, కానీ రెండు నెలలు అందరూ "నడుం ఎలా ఉంది" అని అడుగుతుంటే కుంటుకుంటూ మాట్లాడాల్సి వచ్చేది.

ఎందుకు చెప్తున్నానంటే, మీ ఆయన తన షెడ్డులో ఎప్పుడైనా "మా నాన్నకి డయాలసిస్, నేను వెళ్ళాలి" అని ఓనర్‌తో అన్నారా? ఆ నాన్న ఆయన నాన్నే కదా. నేను అడక్కపోయినా ఈ మాట ఎవరో ఒకరు అడుగుతారు. మూడు రోజుల్లో ఒకటైనా. మగవాళ్ళం చాలాసార్లు అడిగి లేదనిపించుకోలేదు, అసలు అడగలేదు.

పనిలో పని. మా తెలంగాణలో 2025 జూలైలో కంపెనీలకి, వాణిజ్య సంస్థలకి రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చారు, వారానికి 48 మాత్రం దాటకూడదు, దాటితే ఓటీ. అది వచ్చిన రోజు మా ఆఫీసు కాంటీన్‌లో కూడా ఇదే మాట: "మొత్తం అదే కదా". పదో గంట రాత్రి ఎనిమిదింటికి పడుతుందా, పొద్దున ఎనిమిదింటికి పడుతుందా అన్నది పిల్లలున్నవాడికే తెలుస్తుంది.

జవాబు: లెస్టర్_అక్క

హాయ్ రా. నేను గుంటూరులో చదివి ఇంగ్లండ్ వచ్చి ఏడేళ్ళు. ఇక్కడ వార్డులో లాంగ్ డే, పొద్దున 7:30 నుంచి రాత్రి 8. వారానికి మూడు, అప్పుడప్పుడు నాలుగు.

ఇక్కడ బ్రహ్మాండంగా ఉంటుందనుకుంటారు గానీ, విను. 2024 ఏప్రిల్ నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే పని వేళలు మార్చమని అడిగే హక్కు చట్టంలో ఉంది. ఏడాదికి రెండుసార్లు అడగొచ్చు, రెండు నెలల్లో తేల్చి చెప్పాలి. కానీ అది అడిగే హక్కు, ఇచ్చి తీరాలనే హక్కు కాదు. కుదరదనడానికి ఎనిమిది కారణాలు చట్టంలోనే రాసిపెట్టారు, అందులో ఏదో ఒకటి చెప్తే సరి. నాకు మొదటిసారి కుదరదన్నారు. రెండోసారి, పెద్దసిస్టర్ గారు చెప్పినట్టే, మార్చుకునే మనిషిని చూపించాక ఒప్పుకున్నారు. ఇంగ్లండైనా కాకినాడైనా రోస్టర్ రోస్టరే.

మేమిద్దరం నర్సులమే. పాప పుట్టాక రెండేళ్ళు ఎదురెదురు షిఫ్టులు వేయించుకున్నాం. నేను పగలైతే తను రాత్రి. బేబీ సిట్టర్ ఖర్చు లేదు, పాప ఎప్పుడూ ఒకరి దగ్గరే ఉంది. బయటికి చూస్తే ఎంత తెలివైన ఏర్పాటో! ఆ రెండేళ్ళు మా కాపురం ఫ్రిజ్ మీద చీటీలతో నడిచింది. "పాలు అయిపోయాయి. పాపకి రాత్రి 100.4. పారాసిటమాల్ 2కి వేశా." ఒకసారి తను చీటీలో కింద "నువ్వెలా ఉన్నావ్?" అని రాశాడు. ఆ చీటీ పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను.

కళ్ళ క్లినిక్ వద్దనను, కానీ ఇప్పుడే వెళ్ళకు. ఐసీయూ అనుభవం ఒకసారి తెగిపోతే మళ్ళీ అతకడం కష్టం, ఇక్కడైనా అక్కడైనా. రేపు నీకు బయటికి రావాలని అనిపిస్తే అడిగేది అదే.

నిద్ర విషయం మాత్రం మొండిగా ఉండు. నైట్ చేసి వచ్చిన రోజు నా గది తలుపుకి కాగితం అంటిస్తా. మా అత్తగారు వచ్చినప్పుడు తెలుగులో రాశా: "4 దాకా లేపితే ఇల్లు కాలుతూ ఉండాలి". ఆవిడ నవ్వారు, కానీ లేపలేదు.

జవాబు: డయా_టెక్

అక్కా, నేను డయాలసిస్ టెక్నీషియన్ని, వేరే జిల్లా. స్లాటు మార్పించుకోవడం మీరనుకున్నంత కష్టం కాదు. చాలా యూనిట్లలో రోజుకి మూడు షిఫ్టులు నడుస్తాయి. పొద్దున షిఫ్టుకే అందరూ ఎగబడతారు, మధ్యాహ్నందీ సాయంత్రందీ ఖాళీలు వస్తూ ఉంటాయి. ఇన్‌ఛార్జికి చెప్పి పేరు రాయించుకోండి, ఎవరైనా వేరే సెంటరుకి మారినప్పుడు పిలుస్తారు.

పెద్దాయనకి డయాలసిస్ పెన్షన్ నెలకి 10,000 వస్తోందా? వస్తుంటే అందులోంచి కొంత, తోడు కూర్చునే మనిషికి పెట్టొచ్చు. మా దగ్గర ఒకతను ముగ్గురు పేషెంట్లకి తోడుగా వస్తాడు, ఆటో కూడా ఆయనదే. నాలుగు గంటలూ ఇంట్లోవాళ్ళే పక్కన కూర్చోవాలని ఏమీ లేదు. ఎక్కించేటప్పుడూ దించాక బీపీ పడిపోయేటప్పుడూ మనిషి కావాలి, అంతే. మీరు నర్సు కాబట్టి ఇంట్లోవాళ్ళకి మీరుంటే ధైర్యం. ఆ ధైర్యానికి మీ నిద్ర ఖర్చవుతోంది.

కృష్ణఒడ్డు

పెన్షన్ వస్తోంది తమ్ముడూ. ఆటోకీ, రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్లకీ సరిపోతోంది. తోడు మనిషి ఆలోచన బాగుంది, కానీ మావయ్య కొత్తవాళ్ళతో వెళ్ళరు. మొదటి నెలలో ఒకసారి మిషన్ మీద బీపీ 80కి పడిపోయింది, అప్పుడు నేను పక్కన ఉన్నా. అప్పట్నుంచి నేను కనిపించకపోతే సూది గుచ్చనివ్వరు.

గచ్చిబౌలి_బాబాయ్ గారూ, మీరడిగింది రాత్రి మా ఆయన్ని అడిగా. పోస్టు చూపించలేదు లెండి. "ఓనర్‌ని ఎప్పుడైనా అడిగావా?" అన్నా. కాసేపు ఫోన్ చూసుకుని "ఏమని అడగను, పని చేసినరోజుకే కదా డబ్బులు" అన్నారు. అదీ నిజమే. ఆయనకి ఒక రోజు పోతే 900. నాకు ఒక నిద్ర పోతే ఎంతో లెక్కకట్టి చెప్పడం నాకు రాలేదు. అప్పుడు సిరంజి సంగతి చెప్పా. అది ఇంట్లో అప్పటిదాకా చెప్పలేదు.

కృష్ణఒడ్డు (మూడు వారాల తర్వాత)

ఏమైందని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు, అందుకే రాస్తున్నా.

సోమ, బుధ, శుక్ర రాత్రులు చేసే అమ్మాయి తెనాలి అమ్మాయి, పెళ్ళి కాలేదు. మార్చుకుంటావా అంటే ఎగిరి గంతేసింది. శుక్రవారం రాత్రి డ్యూటీ లేకపోతే శనివారం పొద్దున్నే రైలెక్కి ఇంటికెళ్ళి రావచ్చట, ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరినీ అడగలేక ఊరుకుంది. ఇద్దరం సంతకాలు పెట్టి తీసుకెళ్ళాం. మేడమ్ కాగితం చూసి, నా మొహం చూసి, "ఇది అప్పుడే చెప్పొచ్చుగా" అన్నారు. నాకు అప్పుడు తెలియదు మేడమ్ అన్నా. రెండు నెలలకి వేశారు. ఇన్సిడెంట్ ఫారం ఇచ్చా, ఇప్పుడు మా దగ్గర ఎర్ర మూత సిరంజిల డబ్బా వేరే అరలో పెట్టారు.

కళ్ళ క్లినిక్ వాళ్ళకి ఇప్పుడు కాదని చెప్పా. మధ్యాహ్నం స్లాటుకి మావయ్య పేరు రాయించా, మా ముందు నలుగురున్నారు.

ఎదురింటావిడ నిన్న కూడా తలుపు కొట్టింది. అదేమీ మారలేదు.

మారిందల్లా శుక్రవారం. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో సగంమంది నమాజుకి వెళ్తారు, పని ఎలాగూ నెమ్మదే, ఆ రోజు మూడింటికి వచ్చి రాత్రి పది దాకా చేస్తానని మా ఆయన ఓనర్‌ని అడిగారు. ఆయన "ముందే చెప్పొచ్చుగా" అన్నాడట. అందరూ ఇదే మాట అంటారేంటో. మావయ్యకి కొడుకు పక్కనుంటే సూది గుచ్చనివ్వడానికి అభ్యంతరం లేదు. నేను మాత్రం మొదటి శుక్రవారం ఇంట్లో పడుకుని కూడా నిద్రపోలేదు. నాలుగుసార్లు ఫోన్ చేశారు: ఫైలు ఏ సంచిలో ఉంది, పొద్దున బీపీ మాత్ర వేయాలా వద్దా, ఇడ్లీ పెట్టొచ్చా.

ఇవాళ రెండో శుక్రవారం. రాత్రికి డ్యూటీ ఉందని భోజనం చేసి తలుపేసుకుని పడుకోబోతుంటే ఒక మెసేజ్ వచ్చింది: "డ్రై వెయిట్ అంటే ఏంటి? వీళ్ళు నన్ను అడుగుతున్నారు."

ఒంట్లో ఎక్కువైన నీరు తీసేశాక ఉండాల్సిన బరువు అది. ఏడాదిన్నర నుంచి ప్రతి సిట్టింగ్‌కీ ఆ నంబరు నేనే చెప్తున్నా. 52.5 అని పెట్టి, ఫోన్ సైలెంట్‌లో పెట్టా. ఇప్పుడే లేచా, ఐదూ ఇరవై.

@లెస్టర్_అక్క, కాగితం అంటించా. ఇల్లు కాలుతూ ఉండాలి అని రాస్తే అత్తయ్య భయపడతారని, "నైట్ డ్యూటీ" అని మాత్రం రాశా.